అక్క పేరున ఒక వెండి నాణెం

మొన్న కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళి వస్తూ, బస్సు కిటికీలోంచి ఆ పాత షాపింగ్ కాంప్లెక్స్ చుట్టూ రేకులు కట్టి ఉండటం చూశాను. ఈ సింగపూర్‌లో ఏ కట్టడాన్ని కూల్చాలన్నా ముందు అలాగే రేకులు కడతారు. ఇరవై ఐదేళ్ళకు పైగా ఇక్కడ ఉన్నవాణ్ణి కనుక నాకది కొత్త కాదు. కాని ఆ భవనం రెండో అంతస్తులో, గడియారాలు బాగుచేసే కొట్టు పక్కన, పాత నాణేలు అమ్మే ఒక చైనా పెద్దమనిషి కొట్టు ఉండేది. ఆయనా లేడు, ఆ కొట్టు మూసేసి కూడా చాలా కాలమైంది. అయినా బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

పోయిన ఏడాది మా అక్క పోయింది. ఆమె నా తోడబుట్టినది కాదు. తోడబుట్టిన అక్క అంతకు చాలా ఏళ్ళ ముందు, పెళ్ళయిన రెండో ఏట పోయింది. ఒక అక్క స్థానంలోకి ఇంకొక అక్క ఎలా వచ్చిందో, రోమన్ రాణి బొమ్మ ఉన్న ఒక వెండి నాణేనికి అందులో పనేమిటో చెబుదామని ఇది రాస్తున్నాను. ఆ రోజుల్లో ఒక సూట్‌కేసు, ఒక ఊరగాయ జాడీ, రెండు కంప్యూటర్ కోర్సుల సర్టిఫికెట్లతో ఇక్కడ దిగిన నా ఈడువాళ్ళకు ఇందులో కొంతైనా తెలిసిన సంగతే అయి ఉంటుంది.

మాది తుని దగ్గర ఊరు, బావవాళ్ళది అనకాపల్లి. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. పెళ్ళయ్యాక హైదరాబాదులో కాపురం పెట్టారు. ఏడాదిన్నర తిరక్కుండానే జ్వరం మెదడుకెక్కి వారం రోజుల్లో పోయింది. పిల్లలు లేరు. బావ ఆ కర్మలన్నీ చేసి, కొన్నాళ్ళు మా ఇంట్లో మౌనంగా కూర్చుని, తర్వాత సింగపూర్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పి వెళ్ళిపోయాడు. అక్క ఈ ఊరు చూడలేదు, ఈ ఊళ్ళో అక్కను ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆయనకు ఈ ఊరు అందుకే నచ్చిందని నాకు చాలా తర్వాత అర్థమయింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పిపోతాయని లోకమంతా భయపడుతున్న కాలం అది. బ్యాంకుల్లో ఏనాటివో ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా నాలుగంకెలు పెట్టడమే మా పని. ఆ పని తెలిసినవాడికీ తెలియనివాడికీ, అందరికీ ఉద్యోగాలు దొరికాయి. బావ చెప్పి నన్నూ తన కంపెనీలోనే వేయించాడు. మా అమ్మ నన్ను పంపింది మాత్రం ఉద్యోగం కోసం కాదు. బావ ఒక్కడే ఉన్నాడని, తిన్నాడో లేదో చూసే మనిషి కావాలని పంపింది.

హౌగాంగ్ అనే పేటలో ఒక పెద్దావిడ ఫ్లాట్‌లో గది తీసుకుని ఉండేవాళ్ళం. ఆమె తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో కూలిపని చేశాడట. ఆమె భర్త కూడా రేవులోనే పనిచేసి రిటైరై, పగలంతా టీవీ ముందు కూర్చుని ఫుట్‌బాల్ చూసేవాడు. ఆ బ్లాకులో అందరూ ఆమెను ఆంటీ అనేవాళ్ళు. మేము మామ్మ అన్నాం. మనవలతో ఇంగ్లీషు, పొరుగువాళ్ళతో తమిళం, చేపల దుకాణంలో మలయ్ మాట్లాడుకుని, తెలుగు మా కోసం దాచుకున్నట్టు సాయంత్రం మేము రాగానే మొదలుపెట్టేది. ఆ తెలుగు ఆమె తాత దిగిన రోజున ఎలా ఉందో అలాగే ఆగిపోయి, మధ్య మధ్య ఈ ఊరి మాటలు కలుపుకుని నడిచేది. శుక్రవారం నాడు మా కోడిగుడ్లు ఆమె ఫ్రిజ్‌లో ఉండకూడదు. అదొక్కటే ఆమె పెట్టిన షరతు.

మాతో పనిచేసేవాళ్ళు శనివారాల్లో కెమెరాలూ కంప్యూటర్ విడిభాగాలూ కొనుక్కునేవాళ్ళు. బావ ఆ పాత కాంప్లెక్స్‌కు వెళ్ళేవాడు. నన్ను రమ్మనేవాడు కాదు, వద్దనేవాడూ కాదు. నేనే వెంట వెళ్ళేవాణ్ణి. కొట్టులో గాజుబల్ల కింద స్టాంపులు, జపాన్ వాళ్ళు ఇక్కడ ఏలినప్పటి నోట్లు, చిల్లుల చైనా డబ్బులు ఉండేవి. ఆ పెద్దమనిషి బావను చూడగానే లోపలి సొరుగులోంచి చిన్న పెట్టె తీసి ముందు పెట్టేవాడు. అందులో రోమన్ వెండి నాణేలు. మన పాత పావలా అంత ఉంటాయి, కొంచెం దళసరి. వందల ఏళ్ళు మట్టిలో ఉండి వెండి పొగచూరిన రంగుకు తిరిగి ఉండేది. ఒకవైపు పక్కకు తిరిగిన ఒక స్త్రీ ముఖం, జుట్టు సన్నని జడలుగా అల్లి నడినెత్తిన చుట్టిన ముడి, చుట్టూ అక్షరాలు. వెనకవైపు ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద కాగడా పట్టుకున్న దేవత, ఒకదాని మీద ఖాళీ సింహాసనం. బావ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఒక నెల కొని, ఇంకో నెల కొనకుండా లేచి వచ్చేవాడు. కొన్నవాటిని గుంటలున్న ఒక చెక్క పళ్ళెంలో అమర్చి మా గదిలో బీరువా మీద పెట్టేవాడు. చేత్తో ముట్టుకుంటే అంచులు పట్టుకోవాలి, గుడ్డతో తుడవకూడదు అని నాకు చెప్పాడు. వాటి గురించి అంతకుమించి చెప్పలేదు.

అక్క గురించి అసలే చెప్పేవాడు కాదు. గదిలో ఆమె ఫోటో లేదు. ఆమెకు ఇష్టమైన పాట ఎక్కడైనా వినిపిస్తే నేను బావ వైపు చూసేవాణ్ణి, ఆయన కిటికీ వైపు చూసేవాడు. ఒకే గదిలో ఉంటూ, ఒకే మనిషిని పోగొట్టుకుని, ఆ మనిషి పేరు ఎత్తకుండా ఇద్దరం అన్నం వండుకుని తినేవాళ్ళం. మరిచిపోయాడేమో, ఈ రాణుల మీద పెట్టిన ధ్యాసలో వందో వంతు అక్క మీద లేదేమో అని నాకు లోపల గుచ్చుకుంటూ ఉండేది.

ఒక శనివారం బావకు ఆఫీసులో ఆలస్యమై, నేను ముందుగా ఆ కొట్టుకు చేరాను. ఆ పెద్దమనిషి నాకు కాఫీ తెప్పించి, వేరే బేరాలు లేకపోవడంతో కబుర్లలో పడ్డాడు.

"యువర్ బ్రదర్ ఇన్ లా ఆ, ఓన్లీ బై డెడ్ వన్," అన్నాడు.

పోయినవాళ్ళవే కొంటాడనడం నాకు అర్థం కాలేదు. అప్పుడాయన పెట్టె తెరిచి చూపించాడు. రోమ్‌లో రాణులు బతికుండగా వేసిన నాణేలు వేరు, పోయాక వేసినవి వేరు. పోయిన రాణిని దేవతగా ప్రకటించి ఆమె పేరు ముందు దేవి అని చెక్కించేవారట. బావ బతికున్న రాణి నాణెం ఎంత బాగున్నా పక్కకు నెట్టేసేవాడు. ఆయన కొన్నవి దాదాపు అన్నీ ఇద్దరివి, తల్లీకూతుళ్ళు. ఇద్దరి పేరూ ఫాస్టినాయే, ఇద్దరూ చక్రవర్తుల భార్యలు, ఇద్దరూ భర్తల కంటే ముందు పోయారు. ఎక్కువ తల్లివి. ఆమె పోయాక చక్రవర్తి ఇరవై ఏళ్ళో ఎంతో బతికాడు, బతికినన్నాళ్ళూ ఆమె ముఖంతో నాణేలు వేయిస్తూనే ఉన్నాడు. ఇంత పాత నాణెం మాలాంటి జీతగాళ్ళకు అందే ధరలో ఎలా దొరుకుతోందని అడిగాను.

"హీ సాడ్ లాంగ్ టైమ్," అన్నాడాయన చక్రవర్తి గురించి, ఈ ఊరి యాసలో. "లాంగ్ టైమ్ సాడ్, సో మేక్ మెనీ మెనీ. మెనీ మెనీ, సో చీప్ లా."

ఆయన హాస్యానికి అనలేదు. సరుకు సంగతి చెప్పాడంతే. కాసేపటికి బావ వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ట్రైనులో తలుపు దగ్గర నిలబడి, అద్దంలో బావ ముఖం చూస్తూ వచ్చాను. ఏమిట్రా అన్నాడు. ఏం లేదన్నాను.

ఆ తర్వాత కొద్ది నెలలకే మా అమ్మ ఫోన్ చేసింది. బావకు వాళ్ళ అమ్మానాన్నలు మళ్ళీ సంబంధం చూశారు. కాకినాడ పిల్ల, ఇక్కడే యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది, బుకిట్ బటోక్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఉంటోంది. బావ ఔననలేదు, కాదనలేదు, రెండు మూడుసార్లు వెళ్ళి కలిసి వచ్చాడు, అంటే ఔననే. మా అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒంటరిగా ఎన్నాళ్ళుంటాడు, మంచిదే అంది. అని, పిల్లకు రూపు మాత్రం తప్పకుండా వేయాలి, అది నువ్వే దగ్గరుండి చేయించు అంది.

మా వైపు ఈ పద్ధతి తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కనుక చెబుతాను. భర్త ఉండగా పోయిన ఇల్లాలిని పేరంటాలు అంటారు, ఇంటి దేవతల్లో ఒకరిగా తలుస్తారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, కొత్తగా వచ్చే ఆమె మెడలో మొదటామె పేరున ఒక చిన్న వెండి బిళ్ళ వేస్తారు. దాని మీద ఒక ఆడమనిషి ముఖం అచ్చువేసి ఉంటుంది. దాన్నే రూపు అంటారు. అది వేసుకున్న రోజునుంచి కొత్తామె మొదటామె పుట్టింటికి కూతురు. పండక్కి ఆ ఇంటి చీర వస్తుంది, మొదటామె తల్లి ఆమెకు అమ్మ, తమ్ముడు తమ్ముడు. వేసుకోకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆ రెండిళ్ళ మధ్య రాకపోకలు మాత్రం మెల్లగా ఆగిపోతాయి. మా అమ్మ అడిగింది వెండి బిళ్ళ కాదని, పోయిన కూతురికి ఆ ఇంట్లో ఒక చోటు అని నాకు తెలుసు. నా సంగతీ అంతే. ఆ రూపు పడకపోతే బావ నాకు ఇంకెవరో అవుతాడు, మా అక్క అక్కడ ఎప్పుడూ లేనట్టే అవుతుంది.

మా ఊరి కంసాలి పోయాడు, వాళ్ళబ్బాయి అచ్చులన్నీ పాత ఇనుముకు వేసేశాడు. అందుకని ఇక్కడ మనవాళ్ళ బజారు సెరంగూన్ రోడ్డులో బంగారు కొట్లన్నీ తిరిగాను. లక్ష్మి ఉంది, మురుగన్ ఉన్నాడు, మేరీమాత ఉంది. దేవత కాదు, మామూలు ఆడమనిషి ముఖం కావాలంటే వాళ్ళు వింతగా చూశారు. ఒకాయన మాత్రం ఓపిగ్గా విని, ఎవరి ముఖమో చెప్పు, ఫోటో తెస్తే చెక్కిస్తానన్నాడు. నా దగ్గర ఫోటో లేదు. బావ దగ్గర ఉంటే ఉండవచ్చు. అడగటానికి నోరు రాలేదు.

చివరికి ఒక రోజు రూపు సంగతి అయినా చెప్పాను. బావ గిన్నె కడుగుతున్నాడు. కడగడం ఆపకుండానే, "ఆ అమ్మాయిని అది అడగొద్దురా. చదువుకున్న మనిషి. చచ్చిపోయినావిడని మెళ్ళో వేసుకోమని ఎలా అడుగుతాం?" అన్నాడు. అమ్మకు ఫోన్ చేయడం వాయిదా వేస్తూ వచ్చాను.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ఆ సాయంత్రం మేమిద్దరం ఆఫీసు నుంచి వచ్చేసరికి మామ్మ వంటింట్లో పూజ చేసి, పులిహోర కలిపి, హాల్లో మా కోసం కూర్చుని ఉంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. బావ గదిలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటకు వచ్చాడు. బీరువా మీద పళ్ళెం లేదు.

పళ్ళెం మామ్మ పూజ అలమారలో ఉంది. గది ఊడుద్దామని వెళ్ళి పళ్ళెం చూసి, దించి, ఒక్కొక్క నాణేన్నీ చింతపండుతో తోమి, విభూతితో రుద్ది, కడిగి, తుడిచి, ప్రతి రాణి నుదుటా కుంకుమ బొట్టు పెట్టి, ఒక్కొక్కరికి ఒక మల్లెపువ్వు పెట్టింది. ఎప్పటిదో ఆ పొగచూరిన రంగు అంతా పోయి, రాణులందరూ కొత్త గ్లాసుల్లా తళతళలాడుతున్నారు.

"ఏటి నాయినా, ఇంతమంది పేరంటాళ్ళా మీ ఇంట?" అంది మామ్మ. "ఇన్నాళ్ళున్నారు, నాతో ఒక్క ముక్క సెప్పనేదు. ఒక్కలూ ముసిలోళ్ళు అవనేదా? కసియాన్."

కసియాన్ అంటే మలయ్‌లో పాపం అని. ఆమె ఉదయం నుంచీ మా వంశంలో ఆడవాళ్ళందరూ చిన్నవయసులో పోయారనుకుని, వాళ్ళ కోసం బాధపడుతూ కూర్చుంది. నాకు నవ్వు రాలేదు. బావ ముఖం చూస్తే భయం వేసింది.

"వాళ్ళు మావాళ్ళు కారు మామ్మా, రోమ్ దేశం రాణులు," అన్నాను.

"రాణీలైతే సావరా? మొగుడుండగా ఎల్లినోళ్ళా కాదా, అది సెప్పు."

నేను చెప్పేలోగా బావ అన్నాడు, "ఔను మామ్మా. మొగుడుండగా పోయినవాళ్ళే."

"మరయితే నాను సేసిందాంట్ల తప్పేటుంది," అని ఆమె పళ్ళేన్ని ఆయన వైపు జరిపింది. "ఇందల మీయావిడేది?"

ఆయన భార్య పోయిందని ఆమెకు నేనెప్పుడో చెప్పాను. ఆమె ఆ ప్రశ్న చాలా మామూలుగా అడిగింది, గ్రూపు ఫోటో చూపిస్తే ఇందులో నువ్వేదని అడిగినట్టు. బావ నిలబడే ఉన్నాడు. మేజోళ్ళలో ఒకటి తీశాడు, రెండోది కాలికే ఉంది. ఇప్పుడు పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన వంగి, నెమలి ఉన్న నాణేన్ని అంచులు పట్టుకుని తీసి, "ఇది," అన్నాడు. ఆ తర్వాత మా అక్క పేరు చెప్పాడు. సింగపూర్ వచ్చాక ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. చెప్పి, నేల మీద కూర్చున్నాడు. మామ్మ పులిహోర గిన్నె తీసుకుని ఆయన పక్కనే కూర్చుంది. లోపల టీవీలో ఎవరో గోలు కొట్టినట్టున్నారు, మామ్మ భర్త ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

పెళ్ళి సంగతి మామ్మకు తెలుసు. రూపు సంగతి నేను చెబితే, అందుకింత తిరగడమెందుకు, దీనికే సిల్లెట్టించి కొత్తమ్మ మెడల ఎయ్యండి అంది. ఇది అక్క ముఖం కాదు కదా అన్నాను. "ముకం ఎవలిదైతే ఏటి? మా ఇంట్లున్న రూపు మా నానమ్మ ముకమా? సంతల కొన్నది. పేరెట్టి పిలిస్తే ఆవిడే," అంది. నాణెం తిప్పి చూసి, వెనక నెమలి ఉంది కనుక మురుగన్‌కు కూడా సమ్మతమేనని తేల్చేసింది. బావ మాత్రం ఆ అమ్మాయిని అడగనని మళ్ళీ అన్నాడు. అయితే ఈసారి, నేను అడుగుతానంటే వద్దనలేదు.

ఆమెను బుకిట్ బటోక్‌లో, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే ఒక హాకర్ సెంటర్‌లో కలిశాను. నేను వెళ్ళేసరికి టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపి ఉంచింది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, అక్క బతికుంటే అదే వయసు. నేను రుమాలు విప్పి నాణెం బల్ల మీద పెట్టి, నాకు చేతనైనంత గజిబిజిగా పద్ధతి అంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. నాణెం చేతిలోకి తీసుకుని, బొట్టు మరక ఇంకా మిగిలి ఉన్న ఆ ముఖాన్ని చూసి, ఈవిడెవరని అడిగింది. ఎవరో రాణి అండీ, మా అక్క కాదు, అక్క పేరున అన్నాను.

"మీ అక్క ఎలా ఉండేది?" అంది.

అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎరిగినవాళ్ళకు అడగాల్సిన పని లేదు, ఎరగనివాళ్ళు మర్యాద కొద్దీ ఊరుకుంటారు. నేను మొదలుపెట్టాను. అష్టాచెమ్మాలో గవ్వలు మార్చేసేదని, సినిమాలో అందరూ ఏడుస్తుంటే ఆమెకు నవ్వు వచ్చేదని, తన పెన్ను చచ్చినా ఎవరికీ ఇచ్చేది కాదని, బంగాళాదుంప చెక్కితే సగం దుంప తొక్కతో పోయేదని, నాకు టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని నా బత్తాయిలన్నీ తనే తినేసిందని. బల్లలు తుడిచే ఆంటీ మా చుట్టూ తుడిచి వెళ్ళింది, మళ్ళీ వచ్చి తుడిచి వెళ్ళింది. నా ఎదుట కూర్చున్న ఆమె వింటూనే ఉంది.

"కోపం ఎక్కువా ఆవిడకి?" అని అడిగింది.

"ఎక్కువే. నిలవదు."

ఆమె కొంచెం నవ్వి, మళ్ళీ గంభీరంగా అయింది. "నాకివేం నమ్మకాల్లేవు. పోయినవాళ్ళు పైనించి చూస్తారనీ, కోప్పడతారనీ నేననుకోను," అంది.

నేను రుమాలు కోసం చెయ్యి చాపాను.

"ఆగండి. మీ బావగారు కలిసినప్పుడల్లా అన్నీ మాట్లాడారు, జీతం, వీసా, కందిపప్పు ఏ కొట్లో బాగుంటుందో కూడా. ఆవిడ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనడిగితే నీళ్ళు తాగారు. ఆ మాట్లాడకపోవడాన్ని ఇంట్లో పెట్టుకుని నేను కాపురం చెయ్యలేను. ఇది మెళ్ళో ఉంటే రోజూ కళ్ళ ముందుంటుంది, ఏదో ఒక రోజు నోరు విప్పుతారు." నాణెం ఇంకోసారి తిప్పింది. "చిల్లు పెడితే దీని విలువ పోతుంది కదా?"

"పోతుంది. ఇంకెవరూ కొనరు."

"అయితే చిల్లే పెట్టించండి. ఇంకెవరూ కొనకూడదు."

బావకు ఆ మాట చెబితే ఆయన లేచి చొక్కా తొడుక్కుని, ఏదో కొనాలని కిందికి వెళ్ళి, ఏమీ కొనకుండా వచ్చాడు.

చిల్లు పెట్టేముందు నాణేల పెద్దమనిషికి చెప్పకపోతే బాగుండదని ఇద్దరం వెళ్ళాం. తోమిన నాణేన్ని చూసి ఆయన మొదట కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చిల్లు సంగతి విన్నాక, "ఎయిటీన్ హండ్రెడ్ ఇయర్స్ ఓకే. యు కమ్, యు మేక్ హోల్," అని చాలాసేపు బయటి మనుషుల్ని చూస్తూ కూర్చున్నాడు. బావ కారణం చెప్పాడు. తన భార్య పోయిందని, ఆ నాణెం ఆమె అని, తన నోటితో ఒక పరాయి మనిషికి చెప్పాడు. ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని నాణెం చేతిలోకి తీసుకున్నాడు. చిల్లు తలపైన పెడితే రాణి నిలువుగా ఉంటుంది కాని వెనక నెమలి తలకిందులవుతుంది, ఆ రోజుల్లో అచ్చు అలా వేసేవాళ్ళు, ఎవరిని నిలబెట్టాలో చూసుకోండి అన్నాడు. రాణినే అన్నాడు బావ. పెళ్ళిలో మామ్మ అది గమనించి, స్వామివారి నెమలి తలకిందుల యేలాడతందేటి అని సణిగింది కాని, తనే దాన్ని పసుపుతాడుకు గుచ్చి కొత్త పెళ్ళికూతురు మెడలో వేసింది. నాన్న ఒంట్లో బాగుండక మా అమ్మ రాలేకపోయింది. అమ్మ స్థానంలో మామ్మ నిలబడింది.

గుళ్ళో పెళ్ళి, పాతికమందికి భోజనాలు. అవి అయ్యాక కింద పబ్లిక్ ఫోన్ దగ్గరకు వెళ్ళి, కార్డు పెట్టి అమ్మకు చేశాం. కొత్త పెళ్ళికూతురు రిసీవర్ అందుకుని "అమ్మా, నేనే," అంది. అటువైపు అమ్మ ఏమందో నాకు వినపడలేదు, తిన్నావా అని అడిగిందట. కాసేపు మాట్లాడి ఇటు తిరిగింది.

"తమ్ముడూ, అమ్మ నీతో మాట్లాడతారట," అని రిసీవర్ నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత బావ నాణేలు కొనలేదు. ఒట్టు పెట్టుకున్నాడని కాదు, శనివారాలు వేరే పనులకు సరిపోయాయి. మెల్లగా అక్క మాట ఇంట్లోకి వచ్చింది. పప్పు తింటూ, తనైతే ఇంకాస్త చింతపండు వేసేదని బావ అనడం, అయితే రేపు ఆవిణ్ణే వండమనండి అని ఈమె అనడం నేను విన్నాను. తేదీల పని అయిపోయి, అంత ఊపులో ఉన్న కంపెనీలు వరసగా మూతపడి, నాకు ఉద్యోగం పోయి, మళ్ళీ దొరికి, నేను బుకిట్ పంజాంగ్‌కు మారి, పెళ్ళి చేసుకుని, ఇలా అందరికీ జరిగినవే నాకూ జరిగాయి. వాటన్నిటిలోనూ ఆమె నాకు అక్కగానే ఉంది. వాళ్ళ కూతురు, మా మేనకోడలు, చిన్నప్పుడు స్కూల్లో, తన అమ్మ గొలుసు మీద ఉన్న క్వీన్ మా పెద్దమ్మే లా అని స్నేహితులకు చెబితే, టీచరు ఇంటికి ఫోన్ చేసి మీది రాజవంశమా అని మర్యాదగా అడిగింది. అక్క ఔననే చెప్పింది.

పోయిన ఏడాది ఆమె ఆస్పత్రిలో ఉన్న ఆ కొద్ది వారాల్లో, స్కానింగుకు తీసుకెళ్ళిన ప్రతిసారీ గొలుసు తీసి నా చేతికో బావ చేతికో ఇచ్చి, తిరిగి రాగానే అడిగి వేసుకునేది. చివరిసారి అడగలేదు. బావ దాన్ని ఇప్పుడు పూజ అలమారలో పెట్టాడు. పొద్దున్నే రెండు పేర్లూ చెప్పి దణ్ణం పెడతాడు. ఒకటే నాణెం, ఇంకోటి కొందామని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. మేనకోడలికి ఆ పద్ధతి అర్థం కాదు, కాని కాలేజీకి వెళ్ళేముందు తనూ ఒకసారి అలమార ముందు ఆగుతుంది.

మళ్ళీ పెళ్ళిళ్ళు ఇప్పుడూ జరుగుతున్నాయి. కొత్త మనిషి వచ్చేముందు గోడ మీది ఫోటో తీసేయడం, ఫోనులోవి చెరిపేయడం ఇప్పటి మర్యాద. ఎవరినీ నొప్పించకూడదనే చేస్తారు, అందులో నేను తప్పు పట్టను. మా రోజుల్లో మర్యాద ఇంకోలా ఉండేది. పోయినామెను పిలిచి, పేరు చెప్పి, వచ్చినామెకు పరిచయం చేసేవాళ్ళు. ఇప్పుడు మనిషి పోతే అరగంటలో అందరి ఫోన్లకూ కబురు అందుతుంది, చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడతాయి, మర్నాటికి ఆ వరస కిందికి జారిపోతుంది. నాకూ చాలా వచ్చాయి. అన్నిటికీ జవాబిచ్చాను. ఎవరూ, ఆమె ఎలా ఉండేది అని మాత్రం అడగలేదు.

అడిగితే చెప్పేవాణ్ణి. ఉప్మాలో అల్లం ముక్కలు ఏరి పళ్ళెం అంచున పెట్టేది. కోపం వస్తే ఇంగ్లీషులోకి మారేది. లిఫ్టు కోసం నిలబడటం ఇష్టంలేక మోకాళ్ళు నొప్పెడుతున్నా మెట్లెక్కేది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు, ఆ నవ్వు పక్క ఫ్లాటు దాకా వినిపించేది. ఫోనులో ఆ నవ్వు విన్నప్పుడల్లా మా అమ్మ, పెద్దదీ అచ్చం ఇలాగే నవ్వేదిరా అనేది. అది నిజం కాదు. పెద్దక్క చప్పుడు లేకుండా నవ్వేది. ఆ సంగతి అమ్మకూ తెలుసు.